దేవుడి గడిలో పన్నెండో పావు

నా పరువు గంగలో కలిసే వార్తను నాకు మొదట తెచ్చింది బాగలూరు నుంచి మాకు పూలు తెచ్చే మునెమ్మ. ఆమె దాన్ని శుభవార్త అనుకొనే తెచ్చింది. మేమూ అలాగే అనుకొని ఆ మధ్యాహ్నం పాయసం చేసుకొని తిన్నాం. పది రోజుల తరువాత కృష్ణగిరిలో, నిండు సభలో, ఆ పాయసం ఎలా అరిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నేను నవ్వడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది.

"సావిత్రమ్మా, కృష్ణగిరి నుంచి నీకు కాగితం వచ్చిందంట. మీ నాయన అంగట్లో వచ్చినోళ్ళకంతా చదివి వినిపిస్తా ఉండాడు. బెల్లం అడిగినోళ్ళకు బెల్లం కూడా ఇయ్యడం లేదు," అంది మునెమ్మ మల్లెలు మూర వేస్తూ.

"ఏమని రాసినారు?"

"నువ్వేదో ఆట తయారుచేసి పంపించినావంట కదా. దాన్ని ఆడికి వచ్చి అందరి ముందర చూపించల్లంట. అదేందో నాకు తెలీదుగానీ, ఈ పొద్దు ఒక మూర ఎక్కువే పెట్టుకో."

డెబ్బైల చివరి మాట ఇది. హోసూరులో మాది కిరాణా అంగడి. నాకు పందొమ్మిదేళ్ళు. బడి గడప తొక్కలేదు. అక్షరాలు, ఎక్కాలు, వీధి బోర్డుల మీది తమిళం, కన్నడం అన్నీ ఇంట్లోనే మా తాత చెంగలరాయప్ప నేర్పాడు. వాటితోపాటు చెక్కర్స్ కూడా నేర్పాడు. ఆయన ఋణం ఈ జన్మలో తీరదు. ఆ ఋణంతోపాటు ఆయన పెట్టిన చిక్కు కూడా ఉంది. అదే ఈ కథ.

చెక్కర్స్ తెలియనివారికి రెండు మాటలు. పావులు నల్లగళ్ళ మీద మూలగా నడుస్తాయి, ఎదుటి పావు మీద నుంచి దూకి దాన్ని తింటాయి; తినే వీలుంటే తినక తప్పదు, వంతు వస్తే కదలక తప్పదు. అవతలి చివర చేరిన పావు రాజవుతుంది, ముందుకూ వెనక్కూ పోగలదు. అంతే. ఇది వచ్చినవాళ్ళు ఆడుకొంటారు. తిక్క ముదిరినవాళ్ళు సమస్యలు తయారుచేస్తారు. అంటే, పలక మీద కొన్ని పావులు పేర్చి, "తెలుపు గెలవాలి, ఎలాగో చెప్పండి" అని ఊరి మీద వదులుతారు. నేను రెండో రకం. చింతగింజలనే పావులుగా పేర్చుకొని కూర్చుంటే నాకు పొయ్యి మీది పప్పు గుర్తుండేది కాదు. ఆ ఏడాది మా ఇంట్లో మాడని పప్పు ఎవరూ తినలేదు. దేవుడి దయవల్ల ఎవరూ అలగలేదు.

మా ఇంటి పలకకు ఒక ఆచారం ఉంది. తెలుపువైపు కుడిచేతి మూలలో రెండు నల్లగళ్ళు కొసలు ఆనించుకొని ఉంటాయి. వాటిలో కింది గడి దేవుడిది. ఆట మొదలుపెట్టే ముందు అందులో ఇంత పసుపు వినాయకుణ్ణి పెట్టి, కుంకుమ బొట్టు దిద్ది, దండం పెట్టుకోవాలి. ఆ గడిలో ఏ పావూ అడుగు పెట్టకూడదు. అందువల్ల తెలుపుకు పదకొండు పావులే. నలుపుకు మాత్రం పన్నెండు. దేవుడు మనవైపు ఉన్నప్పుడు ఒక పావు తక్కువైతే ఏమిటని నేను తెలుపే ఆడేదాన్ని. ఈ ఏర్పాటు లోకమంతటా ఉందనే నా నమ్మకం. తాతతో తప్ప నేను ఇంకెవరితో ఆడాను గనుక?

కృష్ణగిరిలో ఒక ఆటల సంఘంవాళ్ళు సమస్యల పోటీ పెట్టారని తెలిసి, నెల రోజులు తపస్సు చేసి ఒకటి కట్టాను. నాలుగు తెల్లపావులను వరసగా నలుపుకు తినిపించి, చివరికి నల్లరాజును ఆ జంట గళ్ళ మూలకు తోలాను. వాడు పై గడిలో ఇరుక్కొంటాడు. కింద దేవుడు, బయట కాచుకొని నా తెల్లరాజు. ఇక వాడు బయటికి రాక తప్పదు, వస్తే చావక తప్పదు. దాన్ని కాగితం మీద గీసి, తెల్లపావులకు సున్నలు, నల్లపావులకు నల్లసున్నలు పెట్టి, దేవుడి గడిలో భక్తిగా చిన్న సున్న చుట్టి మధ్యన బొట్టు పెట్టాను.

తాత చూసి దిద్దేవాడేగానీ అప్పటికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. "బాగా వచ్చిందా?" అని అడిగాడు. "బ్రహ్మాండం తాతా," అన్నాను. వినయం నాకు అప్పటికింకా ఎవరూ నేర్పలేదు.

కృష్ణగిరికి పోయే బస్సులో నాయన ఒక్కటే మాట అన్నాడు. "చూడమ్మా. బాగా చేస్తే సంతోషం. నలుగురూ నవ్వితే మాత్రం ఇంటికి పోతానే పలక అటకెక్కుతుంది. ఇక ఈ చింతగింజలు చింతగింజలే."

"సరే నాయనా," అన్నాను, అటక మీద మా పలకకు చోటే లేదన్నంత ధీమాగా.

సభలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నల్లపావులు కదపడానికి కూర్చున్న న్యాయనిర్ణేత మత్తూరు నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన మీసాలు చూస్తే నా పావులు వాటంతట అవే వెనక్కి జరిగేలా ఉన్నాయి. పసుపు ముద్ద పెట్టడానికి సిగ్గేసి, మనసులోనే దండం పెట్టుకొని ఆ గడిని ఖాళీగా వదిలాను. పెద్దవాళ్ళు, ఆమాత్రం తెలియదా అనుకొన్నాను.

ఒకటి తినిపించాను, రెండు తినిపించాను. నాలుగోది తినిపించేసరికి సభలో గుసగుసలు. నల్లరాజు మూలకు చేరాడు. నేను పెళ్ళికూతురిలా తలవంచుకొని, "అంతేనండీ. ఇక దారి లేదు," అన్నాను.

"ఎందుకు లేదమ్మా?" అని పెద్దాయన నల్లరాజును తీసుకెళ్ళి తిన్నగా దేవుడి గడిలో పెట్టాడు.

"అయ్యో, ఆడ పెట్టకూడదండీ."

"యాడ పెట్టకూడదు?"

"ఆ గడిలో."

"ఏం, ఆడేముంది?"

"దేవుడుండాడు."

సభలో లేచిన నవ్వుకు కిటికీల మీది పావురాలు ఎగిరిపోయాయి. వెనకనుంచి ఎవరో, "అయితే హారతి ఇచ్చి ఆడు తల్లీ," అన్నారు. మా నాయన ఎన్నడూ చూడనట్టు తన చెప్పులను చూసుకొంటున్నాడు. నాకు పలక అటక మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది.

"పెద్దాయనా," అన్నాను, "మీ ఆటలో మొదట ఆ గడిలో ఏముంటుంది?"

"తెల్లపావే. పన్నెండోది. మీ ఇంట్లో ఎన్నమ్మా?"

"పదకొండు."

మళ్ళీ నవ్వులు. కానీ ఆ నవ్వుల మధ్యలోనే నాకు దారి కనిపించింది. "అయితే ఆ పన్నెండో పావును ఆడనే ఉంచి మళ్ళీ ఆడొచ్చునా?"

"పోటీకి పంపినాక పావు చేర్చకూడదమ్మా. కాగితంలో ఉన్నదే లెక్క." ఆయన నా కాగితం తీశాడు. చూశాడు. కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు. "ఈడ తెల్లపావు ఉందే. ఈ బొట్టెందుకు?"

"అది పావు కాదండీ. పసుపు వినాయకుడు."

ఈసారి ఆయన కూడా నవ్వాడు, మీసాలతో సహా. "మేము దీన్ని పావనుకొనే నీ సమస్యను ఎంచుకొంటిమి కదమ్మా. దేవుడో పావో, కాగితంలో ఉండాడు. పెట్టు."

నేను అబద్ధమాడనందుకు ఆ వినాయకుడే మెచ్చుకొని ఉండాలి. తెల్లపావును ఆ గడిలో పెట్టాను. మొదటినుంచి ఆడాం. నల్లరాజు మళ్ళీ మూలకు వచ్చాడు. కిందికి పోబోతే పావు అడ్డం. బయటికి వచ్చాడు. దూకి తిన్నాను. ఇందాక హారతి అడిగిన గొంతే, "భలే తల్లీ," అంది. నాకు రెండో స్థానం ఇచ్చారు. గర్వంగానే చెబుతున్నాను, మా వంశంలో ఆటకు బహుమతి తెచ్చిన మొదటి మనిషిని నేను.

హోసూరులో బస్సు దిగేటప్పుడు నాయన, "అటక మీద చోటు లేదులే," అన్నాడు.

ఇంటికి రాగానే తాత మీద పడ్డాను. "తాతా, లోకంలో అందరికీ పన్నెండు పావులుంటే మనకెందుకు పదకొండు?"

"నీకు గుర్తులేదా? నాలుగేండ్ల పిల్లవి. కొండ గుడికి పిలుచుకొని పోతే, చేతిలో ఉన్న తెల్లపావును హుండీలో వేసేస్తివి. ఏమే అంటే, దేవునికి ఇచ్చినాను అంటివి. ఇచ్చింది మళ్ళీ అడగలేము కదమ్మా. అందుకని ఆ గడిని ఆయనకే ఇడిచిపెట్టినాను. పెద్దయినాక చెప్దామనుకొంటి. మరిచేపోయినాను."

కాబట్టి తప్పు ఎవరిదో మీకు తెలిసింది. ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట దేవుడిని పూజగదిలోనూ, పన్నెండో పావును దాని గడిలోనూ ఉంచుతాను. గుడికి పోయే ముందు గుప్పిట తెరిచి చూసుకొంటాను.

తాత ఇప్పుడు లేడు. చిన్నపిల్ల భక్తికి నవ్వకుండా పదిహేనేళ్ళు ఒక పావు తక్కువతో ఆడనిచ్చిన మనిషి ఆయన. మీరు ఎప్పుడైనా చెక్కర్స్ పలక పరిస్తే, పదకొండు పావులు పెట్టాక ఒక్క క్షణం ఆగండి. పన్నెండోది పెట్టేటప్పుడు మా తాత చెంగలరాయప్పను తలుచుకోండి.