అందరి ఫోన్లలో ఒకటే మెయిల్

2013లో శంషాబాద్‌లోని ఒక చిన్న క్యాబ్ ఆఫీసుకు వెబ్ అప్లికేషన్ రాశాను. డ్రైవర్లు రిజిస్టర్‌లో రాయడానికి బదులు ఫోన్‌లో లాగిన్ అయి, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకు వరుసలో నంబర్ వేసుకోవాలి. కానీ అందరూ పాస్‌వర్డ్ మరిచిపోయేవారు. వాళ్లకు కొత్తవి ఇవ్వడంతోనే నాకు రోజంతా గడిచిపోయేది.

విసిగిపోయి థర్డ్ పార్టీ లాగిన్ పెట్టాను. ఇందులో మా పాస్‌వర్డ్ అక్కర్లేదు; ఫోన్‌లో ఉన్న మెయిల్ అకౌంటే మనిషి ఎవరో మాకు చెబుతుంది. నా ఫోన్‌లో, ఓనర్ సత్తిరెడ్డి గారి ఫోన్‌లో చూస్తే చక్కగా పనిచేసింది. ఇక తిరుగులేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మంఖాల్ నుంచి వచ్చే డ్రైవర్ యాదయ్య నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఏందక్కా గిది? నేను బటన్ నొక్కితే మల్లేశ్ పేరొస్తున్నది. నా నంబరే లేదు. ఇగ ట్రిప్ ఎట్ల పడ్తది?"

"ఏదో తప్పు నొక్కి ఉంటావన్నా," అన్నాను చిరాగ్గా. మల్లేశ్ మా దగ్గరే పనిచేసే మరో డ్రైవర్.

ఇంతలో మరో నలుగురు అదే మాటతో వచ్చారు. అందరూ మల్లేశ్‌లే! సత్తిరెడ్డి గారు తేల్చేశారు: "సాయంత్రం దాకా చూస్తనమ్మా. కాకుంటే రేపట్నుంచి మళ్ల రిజిస్టరే." మూడు నెలల నా కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. ఏడుపొచ్చింది.

కోడ్ అంతా రెండుసార్లు వెతికాను. తప్పు దొరకలేదు. చివరికి యాదయ్య ఫోన్ తీసుకుని మెయిల్ చూశాను. మల్లేశ్ ఫోన్‌లోనూ అదే మెయిల్!

"ఇది ఎవరిదన్నా?"

"నాకేమెర్క? ఫోన్ కొన్ననాడు షాపాయనే ఎక్కించిండు. అందరం ఆడనే కొన్నం."

షాపాయన ప్రతి ఫోన్‌లో తన మెయిలే పెట్టి ఇచ్చాడు. దాంతో మొదట లాగిన్ అయి పేరు నమోదు చేసుకున్నది మల్లేశ్. మా అప్లికేషన్‌కు ఆ మెయిల్ అంటే మల్లేశే.

వెంటనే ఒక మెయిల్ ఒక్క డ్రైవర్‌కే చెల్లేలా కోడ్ మార్చాను. డ్రైవర్లను కూర్చోబెట్టి, ఎవరి పేరుతో వాళ్లకు మెయిల్ తెరిపించి, ఎవరి కారు నంబర్‌కు వాళ్లదే జతచేశాను. నాలుగింటికి అందరిదీ పూర్తయింది.

యాదయ్య బటన్ నొక్కాడు. తెరమీద అతని పేరు, పక్కన వరుసలో ఒకటో నంబర్!

"గిప్పుడు నేను నేనైన!" అని ఫోన్ ఎత్తి అందరికీ చూపించాడు. సత్తిరెడ్డి గారు నవ్వుతూ రిజిస్టర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు నా అంత గొప్ప ఇంజనీర్ ఈ భూమ్మీద లేరనిపించింది.

అయితే ఆ గర్వంతోపాటు ఒక అలవాటూ మిగిలింది. ఇప్పటికీ లాగిన్ రాసేముందు అది వాడబోయే మనిషి దగ్గరికి వెళ్లి, "ఈ ఫోన్ మీకు ఎవరు సెట్ చేసిచ్చారు?" అని అడుగుతాను.