ఒకవేళక్క నలభై జబ్బులు

మా ఒకవేళక్క ఏ ప్రశ్న వేసినా "ఒకవేళ" అనే మొదలుపెడుతుంది. ఆవిడకు అసలు పేరు వేరే ఉంది, విశ్వవిద్యాలయం వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు మీద అచ్చు కూడా అయింది. కానీ ఆ పరాయి దేశంలో ఒకే ఇంట్లో అద్దెకున్న మాలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. జరిగిపోయిన వాటి మీద ఆవిడకు ఆసక్తి లేదు. జరుగుతున్న వాటి మీద ఏదో కొంచెం ఉంది. జరగబోయేవి, జరగకపోయేవి, జరిగే వీలే లేనివి, ధ్యాసంతా వాటి మీదే.

నేను ఆ దేశంలో దిగిన రెండో రోజున ఆవిడ బకెట్ కొనడం కళ్లారా చూశాను. ఒకవేళ ఇందులో సలసలా కాగే నీళ్లు పోస్తే ఏమవుతుందని కొట్టాయనను అడిగింది. ఏమీ కాదన్నాడు. ఒకవేళ చెయ్యి జారి మెట్ల మీద పడితే? పగలదన్నాడు. ఒకవేళ బల్బు మార్చడానికి దీన్ని బోర్లించి ఎక్కితే? ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, బకెట్ బోర్లించి, తనే ఎక్కి నిలబడ్డాడు. కొట్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఒకవేళ మీకన్నా లావుపాటివాళ్లు ఎక్కితే?" అంది అక్క.

ఆయన దిగి లోపలికి వెళ్లిపోయాడు. మేం బకెట్ కొనలేదు. పక్క వీధిలో ఇంకో కొట్టుందని, అక్కడా కనుక్కుందామని నన్ను లాక్కుపోయింది.

చదువులోనూ ఇదే తంతు. ఆకులకు వచ్చే తెగుళ్ల మీద ఆరేళ్లుగా పరిశోధన చేస్తోంది. నాలుగేళ్లలో అయిపోవాల్సిందట. ఆఖరి అధ్యాయం ఇచ్చిన రోజున, ఒకవేళ ఇదంతా తప్పయితే అని తనే ప్రొఫెసరుగారిని అడిగిందట. అప్పటిదాకా ఆయనకు ఏ అనుమానమూ లేదు. ఆ తర్వాత ఆయనకూ పట్టుకుంది. ఇద్దరూ కలిసి ప్రయోగాలన్నీ మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకున్నారు.

అలాంటి మనిషి చేతికి ఆరోగ్య బీమా దొరికింది.

విదేశీ విద్యార్థులందరికీ ఆరోగ్య బీమా ఉండి తీరాలని విశ్వవిద్యాలయం నియమం. ఫలానా శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా కాగితాలు ఆఫీసు కిటికీలో ఇవ్వకపోతే ఆ ఏడాదికి పేరు ఎక్కదు. మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి విశ్వవిద్యాలయం వాళ్ల సొంత బీమా, దాని ధర వింటేనే జ్వరం వస్తుంది. రెండోది కాగితం మీద లాంతరు బొమ్మ ఉన్న కంపెనీది, ధర అందులో సగం. మూడోది తాబేలు బొమ్మ ఉన్న కంపెనీది, అది లాంతరులో సగం. మాతో ఉండే పొడుగుపిల్ల భవనాల ప్లాన్లు గీయడం నేర్చుకునే మనిషి, పొద్దున్న టీ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఆ పిల్ల కూడా టీ తాగకముందే తేల్చేసింది, తాబేలు చాలని.

నేనూ తాబేలే అన్నాను. పైకి చెప్పిన కారణం చవక. చెప్పని కారణం ఒకటుంది.

నాకు మూర్ఛ ఉంది. అందరూ ఫిట్స్ అంటారే, అదే. పదకొండో ఏట మొదలైంది. పూటకో మాత్ర చొప్పున రోజుకు రెండు వేసుకుంటే దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాదు. మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. విమానం ఎక్కే ముందు అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకు, చెప్తే నీతో ఒకే ఇంట్లో ఉండరు అంది. బళ్లో ఒకసారి పడిపోయిన తర్వాత నా బెంచీలో ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి అమ్మకూ గుర్తే, నాకూ గుర్తే. అందుకని మూడు నెలలకు సరిపడా మాత్రలు ఒక విటమిన్ సీసాలో పోసుకుని, ఇంకో డబ్బా సూట్‌కేసు అడుగున పెట్టుకుని వచ్చాను. అవి అయిపోతే ఇక్కడి డాక్టరు రాసివ్వాలి. బీమా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, మీకు ఇంతకుముందే ఏదైనా జబ్బు ఉందా అని. పక్కన రెండు గళ్లు, ఉంది, లేదు. నేను "లేదు" దగ్గర టిక్కు పెట్టాలని తీర్మానించుకున్నాను. అబద్ధం చెప్తే రేపు అవసరానికి పైసా రాదని తెలుసు. అయినా అందరితో పాటు తాబేలు కొనేసి, ఆ తర్వాత దేవుడి మీద భారం వేద్దామనుకున్నాను.

అక్క సాగనివ్వలేదు. తను కనుక్కునేదాకా ఎవరూ సంతకం పెట్టడానికి వీల్లేదని హుకుం జారీ చేసింది. సామాన్లు చుట్టొచ్చిన పెద్ద గోధుమరంగు కాగితం ఒకటి వంటింటి గోడకు అంటించి, పైన మూడు బీమాల పేర్లు రాసి, నిలువునా గీతలు కొట్టింది. మర్నాటి నుంచి ఫోను స్పీకరులో పెట్టి కంపెనీల మీద పడింది.

తొమ్మిది రోజులు. పొద్దున్న మా చెవుల్లో మొదట పడేది లైనులో ఆగమని ఆ కంపెనీలు వాయించే పాట. తాబేలు వాళ్లది పిల్లనగ్రోవి, లాంతరు వాళ్లది పియానో. పొడుగుపిల్ల పళ్లు తోముకుంటూ తాళం వేసేది. పాట ఆగి మనిషి గొంతు వినిపించగానే అక్క గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టేది. ఒకవేళ నన్ను పాము కరిస్తే ఖర్చు ఎవరిస్తారు? ఒకవేళ అది నేను పెంచుకుంటున్న పామే అయితే? ఒకవేళ నవ్వి నవ్వి దవడ పక్కకు జరిగితే? ఒకవేళ నాకు కవలలు పుట్టబోయి, ఒకరు ఈ దేశంలోనూ ఒకరు విమానంలోనూ పుడితే ఇద్దరికీ ఇస్తారా, నేల మీద పుట్టినవాళ్లకేనా?

తాబేలు కంపెనీ ఆయన పధ్నాలుగో ప్రశ్న దాకా ఓపిక పట్టి, ఇంట్లో మిమ్మల్ని చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగాడు. లాంతరు కంపెనీలో ఒకావిడ అక్క గొంతు వినగానే గుర్తుపట్టి, ఈ రోజు ఎక్కడ నొప్పి అని పలకరించే స్థితికి వచ్చింది. వాళ్లు ఏం చెప్పినా అక్క గోడ మీది కాగితంలో రాసేది. రాసి, ఇంకొకరికి ఫోను చేసి, మొదటివాళ్లు చెప్పింది నిజమేనా అని అడిగేది.

నాలుగో రోజో అయిదో రోజో, దవడకూ కవలలకూ మధ్యలో, ఒకవేళ నాకు మూర్ఛ ఉంటే అంది.

నేను తాగబోతున్న టీ కప్పు కింద పెట్టేశాను. ఎవరూ చూడలేదు. పొడుగుపిల్ల నవ్వుతూనే ఉంది, ఎందుకంటే ఆ వెంటనే అక్క పాము సంగతి మళ్లీ ఎత్తుకుంది. ఈవిడ నోటికి అడ్డూ అదుపూ లేదు, వరసలో అదీ వచ్చింది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ రోజంతా పాఠాలు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

బుధవారం నాడు లాంతరు కంపెనీ నుంచి అక్క పేర ఉత్తరం వచ్చింది. మీరు మాకు ఫోనులో చెప్పిన నలభై జబ్బుల దృష్ట్యా, డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ పంపితే తప్ప మీకు బీమా ఇవ్వలేము అని రాశారు. ఆవిడ ఒక్కటి కూడా తనకుందని చెప్పలేదు, అన్నీ ఒకవేళలే. అవతల రాసుకున్నవాళ్లకు ఆ మాట రాయడం బద్ధకమై ఉంటుంది.

నాకు ఒళ్లు మండింది. గడువు ఎల్లుండి. మేమిద్దరం ఈవిడ కోసం ఆగి కూర్చున్నాం. ఈవిడకేమో అసలు బీమాకే ఎసరొచ్చింది. ఇన్ని ఎందుకు అడిగావు, అడిగితే అడిగావు, ప్రతిసారీ నీ పేరూ నంబరూ ఎందుకిచ్చావు అని దులిపేశాను. ఆవిడ తాపీగా ఉత్తరం మడిచి, ఎవరో ఒకరి పేరు ఇవ్వాలి కదా అంది.

గురువారం నేనూ వెంట వెళ్లాను. డాక్టరుగారు అడిగితే చూపించాలని గోడ మీది కాగితం కూడా ఊడబీకి, చుట్ట చుట్టి, నా చంకలో పెట్టింది. డాక్టరుగారు పెద్దావిడ. కంపెనీ పంపిన జాబితా చదువుతున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి పోయాయి.

"కవలలు ఎప్పుడు?"

"పుట్టలేదండీ. ఒకవేళ పుడితే అని."

"పాము?"

"లేదండీ."

"మరి ఏముందమ్మా నీకు?"

అక్క నిజాయితీగా ఆలోచించి, అప్పుడప్పుడు జలుబు చేస్తుందండీ అంది. డాక్టరుగారు బరువైన నిట్టూర్పు విడిచి, రక్తం తీయించడానికి పక్క గదికి పంపారు.

వరండాలో బల్ల మీద ఒక్కదాన్నే మిగిలాను. తోచక ఆ కాగితం ఒళ్లో పరుచుకుని చదవడం మొదలుపెట్టాను. దాదాపు అన్ని జబ్బుల ఎదురుగా ఒక్కో ముక్కే ఉంది. ఇస్తారు. ఇవ్వరు. కనుక్కుని చెప్తారట. పాముకైతే "నవ్వారు" అని రాసుంది. పంతొమ్మిదో నంబరు మూర్ఛ దగ్గర మాత్రం గడిలో చోటు చాలక, ఇంకో చీటీ జిగురుతో అంటించి, చీమల బారులా సన్నటి అక్షరాలతో నింపేసింది.

తాబేలు: పాత జబ్బయితే మొదటి ఏడాది ఇవ్వరు. ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ అదే మాట. లాంతరు: దరఖాస్తులో ముందే చెప్తే మొదటి రోజు నుంచీ ఇస్తారు, దాస్తే ఎప్పటికీ ఇవ్వరు. చెప్పినందుకు ధర పెంచరు, రెండుసార్లు అడిగాను. దాని కింద నెలకు అరవై మాత్రలకు ఎంత, డాక్టరుకు ఎంత అని కూడి, తాబేలు కొని మాత్రలు సొంతంగా కొనుక్కుంటే లాంతరు కన్నా ఖరీదవుతుందని తేల్చింది. విశ్వవిద్యాలయం బీమా అక్కర్లేదని పక్కన కొట్టేసింది. ఆ చీటీలో నా మాత్ర పేరుంది, ఒక్క అక్షరం తప్పు పోకుండా. అట్టడుగున ఇంకో రెండు ముక్కలున్నాయి. కాలేజీకి తెలుస్తుందా? తెలియదు. ఇంట్లో వాళ్లకి? మనం చెప్తే తప్ప తెలియదు.

అక్క మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నేను కాగితం మీద వేలు పెట్టి చూపించాను.

"నీకెలా తెలుసక్కా?"

"ఏది? నలభై అడిగాను. ఏది ఎందుకడిగానో నాకేం గుర్తు?" అంటూ పైకప్పు చూసింది. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదు. కాసేపటికి తనే దిగొచ్చింది. "మాత్రల డబ్బాలో మడత కాగితం ఉంటుంది కదా, చెత్తబుట్టలో పడేశావు. కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. చదివాక ఊరుకోలేకపోయాను. నీదే అయినా నిన్ను అడక్కుండా కనుక్కున్నాను. తప్పే."

"మరి మిగతా ముప్ఫై తొమ్మిదీ?"

"స్పీకరులో ఒక్కటే అడిగితే ఎవరిదో తెలిసిపోదూ? నీకు వినబడాలి, పొడుగుపిల్లకి తెలియకూడదు."

నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. నా ఒక్క జబ్బు దాచడానికి ఈవిడ పామును కూడా పెంచింది. తన బీమా పోయే దాకా తెచ్చుకుని, నేను నిన్న నానా మాటలూ అంటుంటే పడి ఊరుకుంది. నా మీద నాకే సిగ్గేసింది. ఈవిడను చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"నాకు మూర్ఛ ఉందక్కా" అన్నాను. ఇంటి గడప దాటి వచ్చాక ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆవిడ అయ్యో అనలేదు, నా తల నిమరలేదు. సంచిలోంచి కలం తీసింది.

"ఒకవేళ వస్తే నేనేం చెయ్యాలి?"

పక్కకు తిప్పి పడుకోబెట్టాలన్నాను. ఎటు పక్కకంది. ఎటైనా ఫరవాలేదన్నాను. నోట్లో ఏదైనా పెట్టాలా? ఏమీ పెట్టకూడదు. ఎన్ని నిమిషాలు చూడాలి? అయిదు దాటితే అంబులెన్సుకు ఫోను చెయ్యాలి. ఒకవేళ బస్సులో వస్తే? ఒకవేళ మెట్ల మీద వస్తే? ఒకవేళ నేను ఇంట్లో లేకపోతే పొడుగుపిల్లకి చెప్పి ఉంచాలా, వద్దా? అది మాత్రం నేనే చెప్తానన్నాను. అన్నిటికీ జవాబు చెప్పాను, అన్నీ అరచేతిలో రాసుకుంది. బళ్లో నా పక్కన కూర్చోవడం మానేసినవాళ్లలో ఒక్కరైనా ఇది అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఈలోగా డాక్టరుగారు సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చారు. ఈమెకు నలభైలో ఏ జబ్బూ లేదు, దుక్కలా ఉంది, సందేహాలకు మా దగ్గర మందు లేదు అని రాశారు. కంపెనీ దాన్ని ఒప్పుకుంది.

ఆ సాయంత్రమే పొడుగుపిల్లకు చెప్పాను. ఆ పిల్ల టీ తాగుతూ విని, మా పిన్నికీ ఉందిలే అని, కప్పు కడగడానికి వెళ్లిపోయింది. పన్నెండేళ్లుగా మోస్తున్న గుట్టు అర నిమిషంలో అయిపోయింది.

శుక్రవారం మూడింటికి కిటికీ ముందు క్యూ మెట్ల దాకా ఉంది. అక్క కాగితాలు పొద్దున్నే ఇచ్చేసింది, నాకు తోడుగా వచ్చింది. గడువు నాలుగింటికి, వెనక ముప్ఫై మంది ఉన్నారు, ఈ ఒక్క పూట నోరు తెరవకూడదని ఒట్టు వేయించుకున్నాను. గోడవారన కుర్చీలో పెదాలు బిగించుకుని కూర్చుంది. ఆ క్యూలో సగం మందికి ఆవిడ సంగతి తెలుసు. తెలియనివాళ్లకు తెలిసినవాళ్లు చెప్తున్నారు.

నా వంతు వచ్చింది. లాంతరు దరఖాస్తులో "ఉంది" దగ్గర టిక్కు పెట్టి అద్దం కింద నుంచి తోశాను. లోపలావిడ చూసి, ఏమైనా అడగాలా అంది. అద్దం మందంగా ఉంది, గట్టిగా అరిస్తే తప్ప వినబడదు.

"నాకు మూర్ఛ ఉందండీ. ఈ బీమాతో మాత్రలు ఏ రోజు నుంచి తీసుకోవచ్చు?" అని గట్టిగానే అడిగాను.

"సోమవారం నుంచి" అందావిడ, ముద్ర వేస్తూ.

నేను కాగితం తీసుకుని, క్యూ అంతా విని ఉంటుందనుకుంటూ వెనక్కి తిరిగాను. క్యూలో ఒక్కరు కూడా నా వైపు చూడడం లేదు. ముప్ఫై మంది కళ్లూ ఒకవేళక్క మీదే ఉన్నాయి, ఎక్కడ నోరు తెరుస్తుందోనని.