షొకొలా అని రాయించిన కేకు

సన్నీవేల్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా అప్పటికింకా ఒక చెర్రీ తోట మిగిలి ఉండేది. నేను పరికరాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, చీటీ అంటించి సంతకం పెట్టడం నా ఉద్యోగం. డైరీ రాయడం కాలేజీ రోజుల అలవాటు. అమెరికా వచ్చాక ప్రతి పేజీ అడుగున ఒక గీత గీసి, ఆ రోజు కొత్తగా తెలిసిన మాట ఒకటి రాసుకునేవాణ్ణి. అర్థం ఏమిటి, ఎక్కడ విన్నాను, ఎవరు అన్నారు, అన్నీ.

1981 డైరీలో మార్చి నెల పేజీల్లో ‘షొకొలా’ అన్న మాట ఉంది. ఫ్రెంచి మాట, చాక్లెట్ అని అర్థం, చివరి అక్షరం పలకకూడదు. అర్థం ఒక్క ముక్కలో అయిపోయింది కానీ, ఎక్కడ విన్నాను అన్నది మూడు వారాలు సాగింది. అప్పుడు టీవీలో ఒక మిఠాయి ప్రకటన వచ్చేది. సోఫా మీద వాలిన ఒకామె కళ్ళు సగం మూసి, గొంతు బొంగురు చేసి, ఆ మాటని మూడు ముక్కలుగా విరిచి పలికేది. తరవాత అదే మాట మాల్‌లో ఒక బట్టల కొట్టు బోర్డు మీద కనిపించింది. ఆడపిల్లలు పెదాలకి రాసుకునే చిన్న గొట్టం మీద, ఎల్ కమీనో రోడ్డులో ఒక డాన్స్ క్లబ్బు నియాన్ దీపాల్లో, మా ఆఫీసులో ఒకాయన కొత్తగా వేయించుకున్న తివాచీ రంగు పేరులో కూడా. చాక్లెట్ అంటే అందరూ తినేది, షొకొలా అంటే గొప్పవాళ్ళు తినేది అని జనం అనుకుంటున్నారని రాసుకున్నాను.

ఏప్రిల్లో ఒక సాయంత్రం మా అమ్మాయి క్లాసు పిల్ల ఒకతె సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టింది. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు, ఐదో తరగతి.

‘షొకొలా ఇంట్లో ఉందా?’ అంది ఆ పిల్ల, ప్రకటనలో ఆమెలాగే గొంతు మార్చి.

మా అమ్మాయి గబగబా వచ్చి, నా పక్కనుంచి దూరి బయటికి వెళ్ళి తలుపు మూసేసింది. నాకు మాత్రం చాలా సంతోషం వేసింది. మేము వచ్చి మూడేళ్ళయింది. దానికి స్నేహితులు ఉన్నారో లేరో తెలిసేది కాదు. బాపట్లలో మా వీధిలో ముద్దుపేరు లేని మనిషి లేడు. పొట్టి, బుడ్డోడు, కుంటి మాస్టారు. మా నానమ్మ నన్ను ‘నల్లోడా’ అనే పిలిచేది. మారుపేరు పెట్టారంటే తమలో కలుపుకున్నట్టే లెక్క మాకు. ‘పాపకి క్లాసులో ముద్దుపేరు వచ్చింది’ అని ఆ రోజు రాసుకున్నాను.

మే నెలలో దాని పదకొండో పుట్టినరోజు. కేకు మీద ఆ పేరే రాయిద్దామనుకున్నాను. పొరపాటు రాకూడదని లైబ్రరీలో నిఘంటువు చూసి, చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాసి సూపర్ మార్కెట్ బేకరీకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్నామె నల్లజాతి స్త్రీ, యాభై ఏళ్ళుంటాయి. చీటీ చదివి తలెత్తింది.

‘ఇది పాప పేరా?’

‘స్నేహితులు పిలిచే పేరు.’

‘రాయించమని పాప అడిగిందా?’

‘లేదు. సర్‌ప్రైజ్.’

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. ‘అసలు పేరు చెప్పండి. గులాబీలు పెట్టి అది రాస్తాను. అదే బావుంటుంది’ అంది.

‘వద్దండీ. చీటీలో ఉన్నట్టే రాయండి.’

‘మీ ఇష్టం సర్’ అంది. ఆ మాట కూడా డైరీలో ఉంది. ఆమెకి ఫ్రెంచి రాయడం కష్టమేమో అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం క్లాసు పిల్లలు ఐదుగురు, మా తెలుగు మిత్రుడూ ఆయన భార్యా వచ్చారు. అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టి నేనే అట్టపెట్టె మూత తీశాను. సైకిల్ పిల్ల గొంతు బొంగురు చేసి ఆ మాట చదివింది. మిగతా నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

మిత్రుడి భార్య తొంగి చూసి, ‘భలే కుదిరిందే పేరు. మీ అమ్మ ఎంత సున్నిపిండి రుద్దినా వదలని రంగు, ఇక పేరులోనే పెట్టేసుకున్నావు’ అంది.

‘ఏం చేస్తాం వదినా, వాళ్ళ నాన్న పోలిక’ అంది మా ఆవిడ.

పెద్దవాళ్ళమూ నవ్వాం. మా అమ్మాయికి రెండు భాషలూ అర్థమవుతాయి. అది ఏడవలేదు. కత్తి తీసుకుని అక్షరాల మీదుగా కోసి, అందరికీ ఒకే కొలత ముక్కలు పెట్టింది. తను తినలేదు. ‘అందరూ నవ్వారు. పార్టీ బాగా జరిగింది’ అని ఆ రోజు డైరీ.

సోమవారం కడుపునొప్పి అని స్కూలుకి వెళ్ళలేదు. మంగళవారం కూడా అంతే. నాతో మాట్లాడటం మానేసింది. ఏమడిగినా వాళ్ళమ్మకి జవాబు చెప్పేది. బుధవారం నేను సగం రోజు సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అది కిచెన్ బల్ల దగ్గర కూర్చుని ఉంది.

‘కడుపునొప్పి కాదు కదూ?’

‘కాదు.’

‘మరి?’

‘నువ్వు కూడా వాళ్ళ సైడే.’

‘ఎవరి సైడమ్మా? వాళ్ళు పెట్టిన పేరే కదా రాయించాను.’

‘ఐ నో. అందుకే. ఎండగా ఉంటే షేడ్‌లో ఉండు, కరిగిపోతావ్ అంటారు. లైన్‌లో నా వెనక నిలబడి స్మెల్ చేస్తారు. ఒకసారి ఒకమ్మాయి నా చెయ్యి నాకింది. స్వీట్‌గా లేదని అందరికీ చెప్పింది.’

నా నోట వచ్చిన మాట అనకుండా ఉంటే బావుండేది. ‘మా నానమ్మ కూడా నన్ను నల్లోడా అనేది. ప్రేమతోనే’ అన్నాను.

‘బాబాయ్‌ని ఏమనేది?’

మా తమ్ముడు తెల్లగా ఉంటాడు. ‘దొరబాబు’ అన్నాను.

నేను కాగితం, పెన్ను తెచ్చాను. ఎవరెవరు, ఎప్పుడెప్పుడు, ఏమన్నారు, వరసగా చెప్పమన్నాను. ఏ లోపమైనా ముందు రాసుకుని తరవాత సరిచేయడమే నాకు తెలిసిన పద్ధతి.

‘రాయొద్దు నాన్నా. టీచర్‌కి చెప్తావు.’

‘చెప్పకపోతే ఎలా ఆగుతుంది?’

‘చెప్పొద్దు. రేపు వెళ్తాను స్కూల్‌కి. కానీ నువ్వు ఎవరికీ చెప్పకూడదు. ప్రామిస్ చెయ్.’

చేశాను. చేతిలో చెయ్యి వేసి చేశాను. పార్టీ తరవాత అది నన్ను ముట్టుకోనిచ్చింది అప్పుడే. గురువారం స్కూలుకి వెళ్ళింది.

అదే రోజు నాలుగింటికి, పిల్లలంతా వెళ్ళిపోయాక, నేను టీచర్ దగ్గరికి వెళ్ళాను. పిల్లకి చేసిన ప్రమాణం కన్నా తండ్రిగా నా బాధ్యత పెద్దది అనుకున్నాను. టీచర్ మంచి మనిషి. పేరు సంగతి విని నవ్వింది.

‘ఆ పేరా? అది టీవీ ప్రకటనలోది. అందమైన మాట. ఇష్టం లేకపోతే పిల్లలు పేర్లు పెట్టరు కదా. వాళ్ళలో కలుపుకున్నారన్నమాట.’

ఏప్రిల్లో నేను అనుకున్న మాటే అది. ఆమె నోట వింటుంటే కూర్చున్న కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాను. చెయ్యి నాకిన సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ‘రేపే చూస్తాను’ అంది.

చూసింది కూడా. శుక్రవారం ఉదయం మా అమ్మాయిని క్లాసు ముందు నిలబెట్టి, ఐదుగురు పిల్లల చేతా ఒక్కొక్కరుగా క్షమాపణ చెప్పించింది. ఎందుకో తెలియని మిగతా పిల్లలకి ఎందుకో వివరించి చెప్పింది.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అది హాల్లో బూట్లు విప్పుకుంటోంది. ‘ప్రామిస్ చేశావు’ అంది, తల ఎత్తకుండా. కోపం లేదు ఆ గొంతులో. కోపంగా అంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి.

ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను, ఇక ఇంట్లో సున్నిపిండి వద్దని, రంగు మాట ఎవరూ ఎత్తకూడదని.

‘రేపు పెళ్ళి సంబంధాల దగ్గర దాని ఈడు పిల్లల్లో అదే వెనకబడితే అప్పుడు అనండి నన్ను’ అంది. అలా అంటూనే సున్నిపిండి డబ్బా తీసి పై అరలో పెట్టేసింది. నెల తిరక్కుండా ఒక ఆదివారం స్నానాల తొట్టెలో నీళ్ళు పోయే చోట తడి పిండి కనిపించింది. మా ఆవిడని అడిగితే తెలియదంది. స్టూలు బాత్‌రూమ్ తలుపు దగ్గర ఉంది. మా అమ్మాయి డబ్బా తనే దింపుకుంటోంది. ఆ సంగతి డైరీలో రాయలేదు.

ఆ తరవాత ఆ పేరు ఆగిందో లేదో నాకు తెలియదు. ప్రకటన ఆగిపోయింది, క్లబ్బు పేరు మారింది. మా అమ్మాయి మునుపటిలాగే నాతో మాట్లాడేది. పెన్సిళ్ళు కావాలి, సంతకం కావాలి, ఆరింటికి తీసుకెళ్ళు. స్కూల్లో ఏం జరిగిందని అడిగితే ‘నథింగ్’ అనేది. దాని గురించి తరవాతి ఏళ్ళ డైరీల్లో నేను రాసినవన్నీ వేరేవాళ్ళు చెప్పినవే.

ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. మార్కుల కింద కొత్త టీచర్ రెండు వాక్యాలు రాసింది. ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటుందట, పిల్లలందరికీ ఆమె అంటే ఇష్టమట.

‘నిజమేనా అమ్మా?’ అన్నాను.

‘రాసుందిగా నాన్నా’ అంది, పెన్ను అందిస్తూ.

సంతకం పెట్టాను.