మా వదిన పాడని పాటల పోటీ

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో ఏదో విదేశీ పాటల పోటీ చూస్తోంది. ఒక్కో దేశం వాళ్లూ జెండాలు పట్టుకుని వేదిక మీదికి రావడం, పాడడం, మార్కులు పడ్డప్పుడల్లా ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడవడం. “మన దేశం ఇట్లాంటి వాటికి ఎప్పుడూ వెళ్లలేదా నానమ్మా?” అని అడిగింది. “ఒకసారి వెళ్లిందే,” అన్నాను. అంతకుమించి చెప్పలేక, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధమాడి వంటింట్లోకి వచ్చేశాను.

అది ఎనభైల్లో మాట. నల్లపాడు దాటాక మా ఊరు. నేను కాపురానికొచ్చి రెండేళ్లయింది. మా ఆయనకు ఒక్కతే అక్క, మా వదిన. మిషన్ బడిలో టీచరు, చర్చిలో పాటల జట్టుకు పెద్ద. ఆమె గొంతు వాళ్ల నాన్నది, అంటే మా మామయ్యది. ఆయన వయసులో ఉన్నప్పుడు పత్తి తీసే కూలీల ముందు నడుస్తూ పదం ఎత్తుకుంటే వెనకాల నలభై మంది అందుకునేవారట. ఐరోపాలో ఒక చిన్న దేశంలో పాటల పోటీకి మన దేశం నుంచి పన్నెండు మందితో జట్టు వెళ్తుందని, అందులో మా వదినని ఎంపిక చేశారని తెలిసినప్పుడు మామయ్య కాలు నిలవలేదు. బడికెళ్లి గ్లోబులో ఆ దేశం చూపించమన్నాడు. హెడ్మాస్టరు వేలు పెడితే ఆ వేలి కిందే దేశం మొత్తం దాక్కుంది. “ఇంత లేదు, ఇందులో అన్ని దేశాలోళ్లు ఎట్టా పడతారండీ?” అని బెంగపడ్డాడు. మద్రాసులో సాధనకి వెళ్లే రోజున ఊరంతా స్టేషనుకి వచ్చింది. వేసిన దండల్లో వదిన మొహమే కనపడలేదు.

నెల తిరక్కుండానే నా పేరున చీరాల నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా రమ్మని ఉంది. చీరలు కొనుక్కుంటానని చెప్పి వెళ్లాను. చిన్నప్పటి స్నేహితురాలి ఇంట్లో, మగ్గం పక్క గదిలో, చాప మీద కూర్చుని ఉంది వదిన. ఆఖరి వారంలో జట్టుని ఎనిమిది మందికి కుదించారట. తీసేసిన నలుగురిలో ఈమె ఒకతె.

“ఇంటికొచ్చెయ్ వదినా,” అన్నాను.

“ఊరంతా దండలేసి పంపిచ్చారు. ఏ మొహం పెట్టుకుని దిగను? పోటీ అయ్యి వాళ్లు తిరిగొచ్చిందాకా ఇక్కడే ఉంటా. నాన్నకి మాత్రం చెప్పమాక అమ్మాయ్. తట్టుకోలేడు.” నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఒట్టంటే భయం ఉండే వయసు.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. ఆ ఘాటుకి ఏటా దగ్గే మామయ్య ఆ ఏడు దగ్గుతోనే మంచాన పడ్డాడు. కబుర్లన్నీ కూతురి గురించే.

“పాప పాడేసి ఉంటదంటావా అమ్మాయ్?”

“పాడేసింది మామయ్యా.”

“గొంతు జీరబోలేదుగదా? అక్కడ చలంట.”

“లేదు మామయ్యా. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారంట.”

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. కళ్లు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా అబద్ధం మీద నాకే ముచ్చటేసింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆయాసం ఎక్కువైంది. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేసి, సాయంత్రం దాకా చూద్దామన్నాడు. మా ఆయన అరుగు మీద తల పట్టుకుని, “అక్కకి కబురెట్టా పెడతాం? సముద్రాల అవతలుందాయె,” అన్నాడు. నోటిదాకా వచ్చింది. చీరాల, మూడు గంటల ప్రయాణం. డాక్టరు సాయంత్రమన్నాడుగా, తేరుకుంటాడులే, ఒట్టు తప్పడమెందుకని లోపలికెళ్లి జావ కాచాను.

సాయంత్రానికి ఆయన మాట పడిపోయింది. అప్పుడు చెప్పాను. మా ఆయన నా వంక ఒక్కసారి చూసి సైకిలెక్కి స్టేషనుకి వెళ్లిపోయాడు. మామయ్య తెల్లవారకముందే పోయాడు. వాళ్లిద్దరూ వచ్చేసరికి పొద్దెక్కింది.

“విమానం దిగి తిన్నంగా వచ్చావా తల్లీ!” అంటూ పక్కింటావిడ వదినని కావలించుకుని ఏడ్చింది. వదిన నా వంక చూసింది. అవునన్నట్టు తలూపింది. సమాధి దగ్గర పాస్టరుగారు, “అమ్మా, దేశం తరఫున పాడిన గొంతు. మీ నాన్న కోసం ఒక్క చరణం పాడమ్మా,” అన్నారు. ఆమె నోరు తెరిచింది. పెదాలు కదిలాయి గాని మాట పెగల్లేదు. దుఃఖమనుకుని జనం ఇంకా ఏడ్చారు. మా ఆయన మట్టి వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత వదిన చర్చిలో వెనక వరసలో కూర్చునేది. పుస్తకం తెరిచేది గాని పాడేది కాదు. నిజం ఊళ్లో ఎవరికీ తెలియలేదు. చాలా ఏళ్లకు, పప్పు చెరుగుతూ, ఉన్నట్టుండి, “నేను చెప్పినట్టే చేశావు, నీ తప్పేముందే,” అంది. తిట్టినా బాగుండేది.

నేను ఆలస్యం చేసింది పొద్దుట్నించి సాయంత్రం దాకా, ఒక్క పగలు. నలభై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గాని, ఆ పగలు మాత్రం నాకింకా గడవలేదు.