సారెవరో తెలియని మిషన్

కంప్యూటర్‌ను ముట్టుకోకుండానే కంప్యూటర్ విద్య నేర్చుకున్న కాలం ఒకటుండేది. డెబ్భైలు అప్పుడప్పుడే మొదలైనాయి. హైదరాబాద్‌లో యూనివర్సిటీవాళ్ళు ఆ మిషన్‌ను ఒక చల్లటి గదిలో, అద్దాల వెనక, ఘోషా పద్ధతిలో ఉంచారు. విద్యార్థులకు లోపలికి ప్రవేశం లేదు. దానికి మేం చెప్పదలుచుకున్నది వాక్యానికో కార్డు చొప్పున రంధ్రాలు కొట్టి, ఆ కార్డుల కట్టకు రబ్బరు బ్యాండు వేసి కిటికీలో ఇవ్వాలి. మర్నాడు అదే కిటికీలోంచి పొడుగాటి కాగితం వచ్చేది. దాని మీద జవాబైనా ఉండేది, మన తప్పుల చిట్టా అయినా ఉండేది. (జవాబు వచ్చినవాడు ఆ కాగితాన్ని నలుగురికీ కనబడేట్టు పట్టుకొని నడిచేవాడు. రానివాడు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకొనేవాడు.)

నాకప్పుడు నలభైకి దగ్గర. మెదక్‌లో లెక్కల సారును. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన ఘనతా నాదే, మిగతా సగాన్ని లెక్కల్లో ఫెయిల్ చేసిన కీర్తీ నాదే. కాలేజీ లెక్చరర్ కావాలన్న దురద ఒకటి ఎప్పటినుంచో ఉండేది. వయసు దాటిపోకముందే ఎమ్మెస్సీ పూర్తి చేద్దామని, మా హెడ్మాస్టరు కాళ్ళావేళ్ళా పడి సెలవు సంపాదించాను. ఆయన సెలవిస్తూ, ఒక్కసారే ఇస్తున్నా, తప్పివస్తే మళ్ళీ అదే ఎనిమిదో తరగతి, అదే నల్లబల్ల అని చెప్పి మరీ పంపాడు. తప్పివస్తే ఎనిమిదో తరగతి కాదు నా భయం. నేను ఫెయిల్ చేసినవాళ్ళు బజారులో ప్రతి దుకాణంలోనూ ఉన్నారు. ఉప్పు కొనాలన్నా వాళ్ళ ముందు నుంచే పోవాలి. మిగిలిన పేపర్లన్నీ నాకు కొట్టిన పిండే. ఆ ఏడే కొత్తగా పెట్టిన కంప్యూటర్ పేపరు ఒక్కటే గుదిబండ అయింది.

గుదిబండ అంటే మిషన్ కాదు, దాన్ని నేర్పడానికి వచ్చిన మనిషి. మొదటి రోజు క్లాసులోకి వచ్చినవాడు మా పొడుగోడు. మెదక్‌లో నా దగ్గర చదివినవాడు. చర్చి దగ్గర ఇల్లు, తల్లి మిషనరీల దవాఖానలో నర్సు. ఆదివారం కొయిరులో పాడితే వాడి గొంతు చర్చి బయట రోడ్డు మీదికి కూడా వినబడేది. అలాంటి గొంతు నన్ను చూడగానే పూడుకుపోయింది. చేతిలో సుద్దముక్క కింద పడింది. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ మధ్య కూర్చున్న నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకొని, "సార్, మీరు గా కుర్చీల కూసోండ్రి" అని తన కుర్చీ చూపించాడు. క్లాసంతా గొల్లుమంది. కూర్చోనురా బాబూ అంటే తనూ కూర్చోలేదు. ఆ ఏడాదంతా ఖాళీ కుర్చీ పక్కన నిలబడే పాఠం చెప్పాడు.

అందరినీ ప్రశ్నలడిగేవాడు, నా వరుస రాగానే దూకి అవతలివాడి దగ్గరికి పోయేవాడు. శనివారాలు ఇద్దరం ఒకే బస్సులో మెదక్ వచ్చేవాళ్ళం. పక్కన సీటు ఖాళీగా ఉన్నా నర్సాపూర్ అడవి దాటేదాకా రాడ్డు పట్టుకొని వేలాడేవాడే తప్ప కూర్చునేవాడు కాదు. నా కాళ్ళే నొప్పిపుట్టేవి, వాణ్ణి చూసి.

అయితే ఒక చిత్రం. క్లాసులో అందరి కట్టలూ తప్పులతో తిరిగొస్తుంటే నావి మాత్రం మొదటి దెబ్బకే జవాబుతో వచ్చేవి. నాకు కొమ్ములు మొలిచాయి. మెదక్ వచ్చినప్పుడల్లా స్టాఫ్ రూములో కూర్చొని, ఆ మిషన్‌కు లెక్కల సారు చెయ్యి పడితే తెలుస్తుందయ్యా అని గొప్పలు పోయాను. (అవి విన్న డ్రిల్లు సారు పాపం నమ్మాడు కూడా.) ఒక వారం మా పొడుగోడు చెల్లెలి పెళ్ళికని సెలవు పెట్టాడు. ఆ వారం నా కట్ట కిటికీలోంచి బయటికి వచ్చినప్పుడు దానితో వచ్చిన తప్పుల చిట్టా నా పంచె అంత పొడుగుంది.

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ సారు పరువు పోతుందని వాడే సాయంత్రాలు కూర్చొని నా తప్పు కార్డులు తీసేసి, మంచివి కొట్టి పెడుతున్నాడని. పరీక్ష ముంచుకొస్తోంది. పరీక్షలో ఈ సేవ ఎవరు చేస్తారు? ఒళ్ళు మండిపోయి ఆ ఆదివారం వాడింటికి పోయాను. నా తప్పు నాకు చెప్పవేమిరా అని అడిగాను. బతిమాలాను. తిట్టాను. చివరికి గురువుగా ఆజ్ఞాపిస్తున్నాను, ఇది తప్పో ఒప్పో చెప్పమని కార్డు ముఖం ముందు పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒప్పే సార్, మిషన్‌కే జర సమజ్ కాలే" అన్నాడు. నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వాడి తల్లి కూడా వాడి పక్షమే. సారును తప్పంటే కళ్ళు పోతయని చిన్నప్పటి నుంచి నేర్పిందట.

దారి చూపింది మా ఆవిడే. బియ్యం చెరుగుతూ నా గోలంతా విని, మామగారితో కోడళ్ళు ఎట్లా మాట్లాడతారో అట్లా మాట్లాడమనండి అంది. ఆయన ఎదురుగా ఉన్నా అత్తతో చెప్పినట్టు చెప్తారు కదా, వాణ్ణి నాకు చెప్పమనండి, నేను మీకు చెప్తాను అంది. ఆ మాట వెళ్ళి చెప్పగానే పొడుగోడి మొహం విప్పారింది. ఆ పై ఆదివారం నుంచి చర్చి కాగానే మా ఇంట్లో హాజరు. నేను కుర్చీలో, వాడు గడపలో, మా ఆవిడ మధ్యలో చేటతో. నాకు నాలుగు మూరల దూరంలో కూర్చొని, నన్ను చూడకుండా, "అమ్మా, సారుకు చెప్పుండ్రి, మూడో కార్డుల కామా మర్సిపోయిండ్రని" అనేవాడు. ఆవిడ నా వైపు తిరిగేది. "కామా మర్సిపోయిన్రట. పోయిన శనారం కందిపప్పు తెమ్మంటె గదీ మర్సిన్రు."

పప్పు సంగతి వాడు చెప్పలేదు. అయినా వాడి ప్రతి వాక్యానికీ ఆవిడ ఇలాంటిది ఒకటి జోడించేది. వాడు లూపు, అంటే మిషన్ చేత ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే చుట్టు, ముగించలేదంటే ఆవిడ నేను మొదలుపెట్టి వదిలేసిన గోడ సున్నం మాట ఎత్తేది. ఒక తప్పుకు రెండు చీవాట్లు తిని నేను కార్డులు దిద్దుకునేవాణ్ణి. కోపం వచ్చినా ఎవరి మీద చూపాలి? వాడు నాతో మాట్లాడటం లేదు, ఆవిడ తన మాటలు కావంటుంది. నా జన్మలో అంత నిస్సహాయంగా పాఠం విన్నది లేదు.

ఒకరోజు మాత్రం ఎదురు తిరిగాను. కార్డు మీద అంకెకు పెట్టిన పేరు మొదటి అక్షరాన్ని బట్టే అది పూర్ణసంఖ్యో కాదో మిషన్ తేల్చుకుంటుందట. పూర్ణసంఖ్యలకు పెట్టే పేర్లు పెట్టి భాగిస్తే, మిషన్ భిన్నాన్ని పారేస్తుందని పొడుగోడు చెప్పించాడు. ఏడును రెండుతో భాగిస్తే మూడేనట, అర గంగలో కలుస్తుందట. పదిహేనేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను, మూడున్నర కాదన్నవాడి చెవి మెలిపెట్టాను, మిషన్‌దే తప్పు అని కేకలేశాను. మా ఆవిడ చెరగడం ఆపింది. పొడుగోడు గడప గోకుతూ, మెల్లగా, "అమ్మా, సారుకు చెప్పుండ్రి, మిషన్‌కు సారు ఎవలో ఎరుక లేదని" అన్నాడు. ఆవిడ ఈసారి ఏమీ జోడించలేదు. నేను కేకలు మాని కార్డు అందుకున్నాను.

పరీక్ష రోజు ఇచ్చిన లెక్క తేలికదే, ఒక తరగతి మార్కుల సగటు. ఆ ఒక్కరోజు మర్నాటిదాకా ఆపకుండా కట్టలు అప్పటికప్పుడే నడిపించారు. నా కట్ట ఒక్క తప్పు చిట్టా లేకుండా తిరిగొచ్చింది. జవాబు నలభై రెండు అని చక్కగా అచ్చయింది. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన పరీక్షకుడు. కాగితం చూసి తల ఊపి, కలం మూత తీసి, మామూలుగా పక్కనున్న పొడుగోణ్ణి, సరిగ్గానే ఉంది కదా అని అడిగాడు.

వాడు కాగితం చూశాడు. అప్పుడే నాకూ కనిపించింది, అన్ని మార్కుల సగటు నికరంగా నలభై రెండు ఎట్లా అవుతుంది? ఇన్ని నెలలూ తప్పని చెప్పరా అని వాడి ప్రాణం తీసినవాణ్ణి, ఆ క్షణాన ఒప్పే సార్ అనరా నాయనా అని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఎనిమిదో తరగతి నల్లబల్ల కళ్ళ ముందు తిరిగింది. వాడు నా వైపు తిరిగాడు. మధ్యలో మా ఆవిడ లేదు.

"తప్పు సార్" అన్నాడు, కొయిరు గొంతుతో. "భిన్నం పోయింది."

గది మొత్తానికీ వినబడింది. పరీక్షకుడు కలం మూత పెట్టి, టైమున్నంతలో దిద్దుకోండి అని నాకు కార్డులు తోశాడు. మొహం కాలిపోతోంది. అయినా వాడి మాట పట్టుకొని, పేర్లు మార్చి, నేనే కార్డులు కొట్టి ఇచ్చాను. నలభై రెండు వెనక చుక్క, ఆ చుక్క వెనక అంకెలు వచ్చాయి. రెండో తడవ ఇచ్చినందుకు కొన్ని మార్కులు కోసినా బొటాబొటిగా గట్టెక్కాను. బయటికి వస్తే వాడు మెట్ల మీద తల పట్టుకొని కూర్చున్నాడు, నన్ను చూసి లేచాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, రెండూ ఉన్నాయి, ఏదీ పోలేదు. "ఇయ్యాల నాకు పాఠం చెప్పినవురా" అన్నాను.

ఇంటికొచ్చి పాసైన సంగతి చెప్తే మా ఆవిడ సంతోషించింది. పొడుగోడు మొహం మీదే తప్పన్నాడని చెప్పేసరికి చేట కింద పెట్టింది. "నేను లేకుంటనే చెప్పిండా?" అంది. రెండు రోజులు అలిగింది కూడా.

తర్వాత లెక్చరర్‌నయ్యాను, రిటైరూ అయ్యాను. ఇప్పుడు ఊళ్ళో నన్ను పెద్దసారు అంటారు. నేను ఎంత తిక్క మాట చెప్పినా లేచి నిలబడి, కరెక్టే సార్ అంటారు. మస్తు పరేషాన్‌గా ఉంటుంది. ఇల్లు చేరి ఆ మాటే మా ఆవిడకు చెప్తే, ఏం తప్పు చెప్పివచ్చారో ముందు అది చెప్పమంటుంది. చెప్తాను. ఆ పరీక్ష గదిలో చెవులు ఎర్రబడి నిలబడ్డ నలభయ్యేళ్ళ వాణ్ణి తలచుకుంటే జాలి కాదు, ఈర్ష్య కలుగుతుంది. వాడికి తప్పని చెప్పేవాళ్ళు ఇద్దరుండేవారు.