కింది మెట్టు బిస్కట్లు

"ఏందే, పిల్లకు లెక్కలు నేర్పుతున్నవా, బేకరీవాణ్ణి సాకుతున్నవా? బిస్కట్ల డబ్బా మల్ల ఖాళీ!"

"నేర్పుతున్న గనకనే ఖాళీ! మీరు జర గమ్మునుండున్రి. పొద్దుమీకి టీచరమ్మ వస్తది, గప్పుడు చూద్దురు నా తెలివి."

మా ఆయనే కాదు, నాంపల్లిలో మా పక్కవాటాల వాళ్లంతా చూశారు. ఆ సాయంత్రం పోయిన నా పరువు ఇంతవరకు ఇల్లు చేరలేదు.

మా చిన్నది సుగుణకు అప్పుడు ఎనిమిదేళ్లు. మాటల్లో సంత మొత్తం అమ్మి రాగలదు గాని, పలక మీద అంకె రాస్తే చాలు, తేలును చూసినట్టు వెనక్కి జరిగిపోయేది. అలాంటి పిల్లల్ని అప్పట్లో మొద్దులనేవారు. "లెక్కలు రాకుంటే పేరు తీసేస్తాం" అని బడిలో పెద్ద టీచరు తేల్చేసింది. క్లాసు టీచరు గ్రేసమ్మ ఒక్కతే నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లకు తెలివి లేక కాదు చెల్లె. అంకె కంటికి అందుతలేదు, చేతికి అందియ్యి. ఆటలెక్క చెప్పు. వస్తే జర కష్టమైంది అడుగు, రాకుంటే అల్కటిది అడుగు. నేనొచ్చి చూసి పెద్ద టీచరుతోని మాట్లాడత."

ఆ తల్లి రుణం తీర్చుకోలేను. ఆమె చెప్పినట్టే చేసి ఉంటే బాగుండేది. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, సొంత తెలివి కలిపాను.

బండల మీద సుద్దతో మెట్లు గీసి, చింతగింజలు పోసి అడిగేదాన్ని. ఒప్పయితే పై మెట్టు, పెద్ద లెక్క. తప్పయితే కింది మెట్టు, చిన్న లెక్క. అంతవరకు బాగానే ఉంది. అబిడ్స్ బేకరీ బిస్కట్లు మాత్రం అడుగుమెట్టు మీద ఒప్పు చెబితేనే ఇస్తానన్నాను. కిందపడ్డ పిల్లకు ధైర్యం కావాలి, పైకెక్కిన పిల్లకు బిస్కట్టెందుకు? నేర్చుకున్నకొద్దీ ఖర్చు దానంతటదే ఆగుతుంది! చూశారా, ఎంత పొదుపో!

గ్రేసమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. నేను కొంగు బిగించాను.

"అయిదు గింజలకు మూడు కలిపిన. ఎన్ని బిడ్డా?"

"ఏడు." దిగింది.

"నాలుగింట్ల రెండు తీసిన?"

"ఒకటి." మళ్లీ దిగింది.

"ఒకటికి ఒకటి?"

"రెండు!" చెయ్యి చాపింది. బిస్కట్టు తిని పై మెట్టెక్కింది. మళ్లీ తప్పు, మళ్లీ కిందికి, మళ్లీ బిస్కట్టు. బావిలో బొక్కెన కూడా అంత ఓపికగా ఎక్కి దిగదు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని చెయ్యెత్తాను.

"ఆగు చెల్లె," అంటూ గ్రేసమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ప్రతి తప్పుల సరిగ్గ ఒక్కటే తక్కువ చెప్తున్నది, చూసినవా? ఒప్పు ఎర్క లేకుంటే గింత సక్కగ తప్పెట్ల చెప్తది? ఏం సుగుణా, నిజమేనా?"

"ఔ టీచర్," అంది నా కూతురు నోటినిండా బిస్కట్టుతో. "పైకెక్కితే అమ్మ ఏమిస్తలేదు గద!"

గుమ్మంలో మూగిన పక్కవాటాల వాళ్ల నవ్వు నాంపల్లి స్టేషన్‌లో రైలుకూతను మింగేసింది.

మర్నాడు పొద్దున గ్రేసమ్మ మమ్మల్ని పెద్ద టీచరు గదిలోకి తీసుకుపోయింది. పెద్ద టీచరు గింజలు పోసి లెక్క అడిగింది. మా పిల్ల బల్లంతా వెతికి చూసి, "టీచర్, గీడ ఒప్పు చెప్తే ఇస్తరా, తప్పు చెప్తే ఇస్తరా?" అంది.

"ఒప్పు చెప్తేనే!" అంది గ్రేసమ్మ గబుక్కున.

అడిగినవన్నీ చెప్పేసింది. పేరు బడిలోనే ఉండిపోయింది. నేను ఆ గడపలోనే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ కింది మెట్టు మీద బిస్కట్టు పెట్టను. పై మెట్టు మీదే పెడతాను. అదీ సగం ముక్కే.