నీళ్లు వదిలేదాకా

సంపూర్ణమ్మ గారిని మా ఊళ్లో ఎవరూ చెడ్డమనిషని అనరు. నేనూ అనను. ధవళేశ్వరం దిగువన కాలవగట్టు మీద పచారీ కొట్టు నడుపుకుంటూ, మతి చలించిన తమ్ముడు బుల్లియ్యను పన్నెండేళ్లు సాకింది. కాకపోతే చాలాకాలం పెరటిగదిలో పెట్టి, బయట గొళ్లెం వేసి సాకింది. ఒకసారి అతను కాలవలో దూకాడు. పడవవాళ్లు జుట్టు పట్టి బయటికి లాగారు. ఆ రోజు నుంచీ గొళ్లెమే.

ఎనభైలో అతన్ని రాజమండ్రిలో డాక్టరు జోగేశ్వరరావు గారికి చూపించింది. పక్కింటివాణ్ణి కనక నేనూ తోడు వెళ్లాను. ఆయన మాత్రలు రాశారు.

"గొళ్లెం తీసెయ్యండమ్మా. రోజూ ఓ గంట ఒంటరిగా తిరిగి రానివ్వండి."

"కాలవలో పడితేనండీ?"

"పడొచ్చు. పడడని నేను మాటివ్వలేను. గదిలో ఉంటే మాత్రం బాగుపడడు, అది రాసిస్తాను."

ఆవిడ నాలుగు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. ఏప్రిల్లో పూడిక తీయడానికి ఆనకట్ట దగ్గర కాలవలకు నీళ్లు కట్టేస్తారు. అప్పుడు మోకాలి లోతు నీరు కూడా ఉండదు. కాలవ కట్టిన రోజే గొళ్లెం తీసింది. నాకూ అది తెలివైన పనే అనిపించింది. కాలవల మధ్య పుట్టినవాళ్లం, మాకు ప్రమాదమంటే నీళ్లే.

మొదటి వారం బుల్లియ్య వీధరుగు దాటలేదు. తర్వాత పూడిక తీసేవాళ్ల దగ్గరికి పోయి పార అందుకున్నాడు. సాయంత్రం బురద కాళ్లు కడుక్కుని కొట్లో పొట్లాలు కట్టేవాడు. ఒకరోజు నన్ను పేరు పెట్టి పలకరించాడు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

జూన్‌లో నీళ్లు వదులుతారనగా ఆవిడ మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది. అసలు పరీక్ష ఇప్పుడేనని, నీళ్లున్నప్పుడు కూడా తిరిగి ఇంటికి రాగలిగితేనే కోలుకున్నట్టని ఆయన చెప్పారట. ఆవిడ బుర్ర ఊపి వచ్చింది. ఊళ్లో తలో మాటా అన్నారు. ఏదైనా జరిగితే లోకం నిన్నే ఆడిపోసుకుంటుందమ్మా అన్నవాణ్ణి నేనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

కాలవ నిండిన పొద్దున ఆవిడ అన్నం పళ్లెం గదిలో పెట్టి తమ్ముణ్ణి పిలిచింది. అతను కూర్చుని కలుపుకుంటుండగా బయటినుంచి గొళ్లెం వేసింది.

అతను అరవలేదు. "నేనేం తప్పు చేశానక్కా?" అని అడిగాడు.

"నువ్వేం చెయ్యలేదురా. నీళ్లొచ్చాయి."

మరుసటి ఏప్రిల్లో కాలవ కట్టగానే ఆవిడే పరుగున వెళ్లి తలుపు తీసి, బయటికి రారా అంది. బుల్లియ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మళ్లీ వస్తాయి కదక్కా," అన్నాడు.

ఆవిడ ఇక ఆ తలుపు వెయ్యలేదు. నీళ్లున్నా లేకున్నా ఆ తర్వాత ఐదేళ్లూ తెరిచే ఉంది. అతను మాత్రం గడప దాటలేదు. చివరికి మేం నలుగురం మోసి బయటికి తెచ్చాం.